ఏ పొరలోకండీ ఆ సూది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: "కంట్లో ఇంజెక్షన్". రాసినవాళ్లంతా ఒకే ఇంజెక్షన్ గురించి రాస్తున్నామనుకున్నారు. చదువుతూ పోతే ఎన్ని రకాలు తేలాయో! ఒకరిది శుక్లం ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన మత్తు. ఒకరిది కంటి పక్కన వేసిన స్టెరాయిడ్. ఒకరిది కంటి లోపలికి వేసిన మందు. ఒకాయనదైతే అసలు కంటికి వేసిందే కాదు, చేతి నరానికి వేసింది. అందుకని ఈసారి పేజీ మొత్తం సూదులకే. కళ్ల కింద నల్ల చారల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. అవి ఎక్కడికీ పోవు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో 27 ఏళ్లుగా రెటీనా జబ్బులు చూస్తున్నాను. "సూది" అన్న మాట చెప్పగానే కుర్చీలోంచి లేచి చెప్పులు వెతుక్కున్నవాళ్లు నాకు కొత్త కాదు.

*ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. 18 ఏళ్లుగా షుగరు. రెటీనాలో నీరు చేరింది, కంటి లోపలికి ఇంజెక్షన్ వేయాలి అన్నారు. మా పక్కింటి పిన్నిగారికీ షుగరే. ఆవిడకు పన్నెండేళ్ల కింద కంటి పక్కన వేశారట, లోపలికి పోలేదట. "నాకూ పక్కనే వేయమను, లోపల పొడవనివ్వను" అని అమ్మ పట్టుబట్టి కూర్చుంది. పక్కన వేస్తే సరిపోదా? – ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ*

ముంజెల రోజులే కదమ్మా. బందరు రోడ్డు మీద తోపుడు బండి దగ్గర రెండు ముంజెలు కొని అమ్మగారి ముందు పెట్టండి. నేను నా గదిలో చెప్పేది కూడా ఇలాగే.

ముంజెకు పైన లేత పసుపు తొక్క, దాని కింద తెల్లటి గుజ్జు, నడుమ నీళ్లు. కన్నూ అంతే, కాకపోతే కొలతలు వేరు. కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. దాని గోడ, అంటే మనకు కనిపించే తెల్లగుడ్డు, దాని కింద రక్తనాళాల పొర, ఆ కింద చూసేదాని బొమ్మ పడే రెటీనా, మూడూ కలిపినా మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. మిగిలిందంతా జెల్లీ. దాన్ని విట్రియస్ అంటాం. సుమారు 4 మిల్లీలీటర్లు, టీ స్పూనుకు కాస్త తక్కువ. అమ్మగారికి నీరు చేరింది ఆ జెల్లీకి వెనక అంచున ఉన్న రెటీనాలో, అదీ మనం అక్షరాలు చదివే నడిమి చోటులో.

పక్కింటి పిన్నిగారికి వేసింది తొక్క బయట. తెల్లగుడ్డును కప్పుకుని టెనాన్ అనే పలచటి సంచి ఉంటుంది. 1806లో దాన్ని వర్ణించిన ఫ్రెంచి సర్జన్ పేరే దానికి ఉండిపోయింది. ఆ సంచికీ గోడకీ మధ్య స్టెరాయిడ్ పోసి వదిలేస్తాం. ట్రయామ్‌సినలోన్ అనే తెల్లటి పిండిలాంటి మందు, సాధారణంగా 40 మిల్లీగ్రాములు, ఒక మిల్లీలీటరు. అది అక్కడ కూర్చుని, గోడ గుండా కొద్దికొద్దిగా ఊరి లోపలికి చేరాలి. దారిలో రక్తం కొంత లాగేసుకుంటుంది. అదే మందు కంటి లోపల జెల్లీలోకి వేసే రోజుల్లో 4 మిల్లీగ్రాములే వేసేవాళ్లం. పదో వంతు. పక్కింట్లో పెట్టిన సాంబారు వాసనకీ, మన వంటింట్లో పెట్టినదానికీ ఉన్న తేడా అనుకోండి.

షుగరు వల్ల వచ్చిన వాపు కొద్దిగా ఉండి, చూపు బాగానే ఉన్నవాళ్లకు కంటి పక్కన స్టెరాయిడ్ వేసి చూసిన అమెరికా పరీక్ష ఒకటి 2007లో అచ్చయింది. చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఇంకో జబ్బు, యువియైటిస్, అంటే కంటి లోపలి వాపు. దానివల్ల రెటీనాలో నీరు చేరినవాళ్లను మూడు గుంపులు చేసి పోల్చిన పరీక్ష 2019లో వచ్చింది. ఎనిమిది వారాల్లో రెటీనా మందం పక్కన వేసినవాళ్లకు 23 శాతం తగ్గింది, జెల్లీలోకి వేసినవాళ్లకు 39 శాతం, జెల్లీలో స్టెరాయిడ్ కడ్డీ పెట్టినవాళ్లకు 46 శాతం. కంటి ప్రెజర్ పెరగడం మాత్రం లోపలికి వేసినవాళ్లలోనే ఎక్కువ. దేనికి దాని ఖర్చు ఉంది.

ఇంకో సంగతి. అమ్మగారికి డాక్టరు చెప్పింది బహుశా స్టెరాయిడ్ కాదు, రక్తనాళాల నుంచి నీరు కారకుండా ఆపే మందు. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్, ఫారిసిమాబ్ లాంటి పేర్లు చీటీలో ఉంటాయి, చూడండి. ఇవి పెద్ద పెద్ద ప్రొటీన్ అణువులు. గోడ బయట పోస్తే లోపలికి చాలినంత చేరవు. వీటికి "పక్కన" అన్న దారే లేదు. అమ్మగారి పట్టుదలకు జవాబు ఇక్కడే ఉంది.

మరి పిన్నిగారికి ఎందుకు పక్కన వేశారంటారా? నేనూ ఆ రోజుల్లో చాలామందికి అలాగే వేశాను. మందు చవక, సూది కంటి లోపలికి పోదు, మనిషికి ధైర్యం. ఇప్పటికీ యువియైటిస్‌లో కొందరికి వేస్తాను. ఈ మధ్యనే గుండెపోటో పక్షవాతమో వచ్చి, రక్తనాళాల మందు వేయడానికి వెనకాడే మనిషికి స్టెరాయిడ్ ఆలోచిస్తాం. కాని "పక్కన వేస్తే ఏ ప్రమాదమూ లేదు" అన్నది నిజం కాదు. దీనికి నా తప్పు కథే చెబుతాను. 2004లో గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయనకు ఇలా పక్కన స్టెరాయిడ్ వేశాను. వాపు తగ్గింది, ఆయన సంతోషించాడు. నెలలోపు ప్రెజర్ చూపించుకోవాలని నోటితో చెప్పానే గాని చీటీ మీద తేదీ వేయలేదు. యార్డులో సీజను. ఆయన మూడో నెలలో వచ్చాడు. అప్పటికి కంటి ప్రెజర్ ఉండాల్సినదానికి రెట్టింపు. స్టెరాయిడ్ బయట వేసినా కొందరికి ప్రెజర్ అలా ఎక్కుతుంది. చుక్కలతో దించాం, కాని కంటి నరానికి కొంత దెబ్బ అప్పటికే తగిలింది. అప్పటి నుంచి ఎర్ర పెన్నుతో తేదీ వేసి, చుట్టూ సున్నా చుట్టకుండా ఎవరినీ గది దాటనివ్వను.

ఇక "పొడవడం". అమ్మగారికి ఇది చదివి వినిపించండి. ముందు మత్తు చుక్కలు. తరవాత 5 శాతం పొవిడోన్ అయొడిన్, అంటే మనం బెటాడిన్ అనే గోధుమరంగు మందును పలచన చేసింది, కంట్లో వేసి ఆగుతారు. ఇది కాస్త మండుతుంది, మొత్తం వ్యవహారంలో ఎక్కువ బాధ ఇదే. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు. నల్లగుడ్డు అంచు నుంచి వెనక్కి కొలిచి గుర్తు పెడతారు: శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు 3.5 మిల్లీమీటర్లు, సొంత కటకం ఉన్నవాళ్లకు 4. ఈ కొలత ఎందుకంటే సరిగ్గా అక్కడ ముందున్న కటకానికి తగలదు, వెనక రెటీనా ఇంకా మొదలవదు. సూది 30 గేజి. అమ్మగారు ఇన్సులిన్ వేసుకుంటుంటే ఆ సూదంత సన్నం. మందు 0.05 మిల్లీలీటర్లు. ఒకే ఒక్క చుక్క. మీరు "అయిందా?" అని అడిగేలోపు అయిపోతుంది.

ఆవిడ ఇంకా ఒప్పుకోకపోతే, ఇంజెక్షన్ వేయించుకుని బయట కూర్చున్న ఎవరితోనైనా ఐదు నిమిషాలు మాట్లాడించండి. నా మాటకన్నా వాళ్ల మాట పనిచేస్తుంది.

*ప్రశ్న: నాకు ఎడమ కంటి రెటీనాలో నీరు చేరింది, కంటి లోపలికి ఇంజెక్షన్ అన్నారు. చుక్కలతోనో బిళ్లలతోనో తగ్గించలేరా? మా బావమరిదికి ఇలాగే అయితే చెయ్యికే ఇంజెక్షన్ వేశారు, పైగా ఒంటికి పసుపు రంగు వచ్చింది. నాకూ చెయ్యికి వేయమంటే డాక్టరు నవ్వారు. – ఒక కమీషన్ వ్యాపారి, గుంటూరు*

నవ్వకూడదు గాని, నాకూ నవ్వు వచ్చిందండీ. మీ బావమరిదికి వేసింది మందు కాదు, పరీక్ష రంగు. ఫ్లోరెసిన్ అంటాం. చేతి నరంలోకి ఎక్కించి, అది రెటీనా నాళాల్లోంచి పారుతుంటే ఫొటోలు తీస్తాం, ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి. ఆ రోజు ఒళ్లు పచ్చబడుతుంది, మూత్రం పచ్చగా వస్తుంది. జబ్బు తగ్గడానికీ దానికీ సంబంధం లేదు. ఆయన కంటికి తరవాత ఏం వేశారో అడగండి.

చుక్కల సంగతి. ఒక చుక్కలో ఉండే మందు కంటి రెప్పల మధ్య పూర్తిగా ఆగనే ఆగదు. కొంత చెంప మీదికి కారుతుంది, కొంత ముక్కులోకి దిగి గొంతులో చేదుగా తగులుతుంది. కంటి ముందు గదిలోకి చేరేది 5 శాతానికి లోపే. అది కూడా అక్కడి నుంచి వెనక్కి ఈదాలి, కంటి నీరేమో వెనక నుంచి ముందుకు పారి బయటికి పోతుంటుంది. ఎదురీత.

బిళ్లలూ నరానికి ఎక్కించే మందులూ రక్తంతో పాటు రెటీనా దాకా వెళ్తాయి, కాని రెటీనా నాళాల గోడలు మందుల్ని అంత తేలిగ్గా బయటికి వదలవు. మెదడుకు ఉన్నట్టే దీనికీ ఒక కాపలా ఉంది. ఎంత గట్టి కాపలానో 1995లో ఒక పెద్ద పరీక్ష చూపించింది. శుక్లం ఆపరేషన్ తరవాత కంట్లో చీము పట్టినవాళ్లందరికీ కంటి లోపలికి యాంటీబయాటిక్ వేశారు. వాళ్లలో సగం మందికి అదనంగా నరానికి కూడా ఎక్కించారు. చూపులో తేడా లేదు. నరానికి ఎక్కించింది వృథా అని తేలింది.

అలాగని ఒంటి దారి ఎప్పుడూ పనికిరాదని కాదు. యువియైటిస్‌కు స్టెరాయిడ్ బిళ్లలు ఇస్తాం, రెటీనాను తినేసే వైరస్‌కు బిళ్లలూ నరం మందూ ఇస్తాం. మీ జబ్బు వాటిలోది కాదు. ఒంటి నిండా మందు పోసి కంట్లో చుక్క చేరాలని చూడటంకన్నా, ఆ చుక్కే నేరుగా కంట్లో వేయడం మీ కిడ్నీలకూ గుండెకూ మేలు.

*ప్రశ్న: ఇంజెక్షన్ వేస్తున్నంతసేపూ డాక్టరుగారు ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను భయపడి ఏదో అడిగితే "ష్" అన్నారు. డబ్బు కట్టిన మనిషితో ఇలాగేనా? – ఒక పాఠకురాలు, మంగళగిరి*

అమ్మా, ఆయనకు నా తరఫున దణ్ణం పెట్టండి. మన నోట్లో ఉండే సూక్ష్మజీవులు మాట్లాడేటప్పుడు తుంపరలతో ఎగురుతాయి. కంట్లో ఇంజెక్షన్ తరవాత వచ్చే చీముకు కారణాల్లో నోటి బాక్టీరియా వాటా తక్కువేమీ కాదు. అందుకే మాస్కు, అందుకే మౌనం, మీకూ నాకూ. నేనైతే ముందే చెబుతాను, "ఇప్పుడు కబుర్లన్నీ చెప్పేయండి, క్లిప్పు పెట్టాక ఇద్దరం మౌనవ్రతం" అని. మీ డాక్టరు ముందుగా చెప్పి ఉండాల్సింది. ఆ మాట మాత్రం ఆయనతో అనండి.

ఆ చీము ఎంతమందికి వస్తుందని ఇంకో ఇద్దరు అడిగారు. సుమారు రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకటి. అరుదే, కాని వస్తే చూపు పోయేంత పని. ఇంజెక్షన్ తరవాత మొదటి వారంలో నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడి చూపు మసకబారుతున్నా ఆ రాత్రే వెళ్లండి. "పొద్దున్న చూద్దాం" వద్దు. తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మచ్చ ఒక్కటే ఉండి, నొప్పి లేకుండా చూపు బాగుంటే అది వేరు, రెండు వారాల్లో కరిగిపోతుంది.

*ప్రశ్న: ఇంజెక్షన్ అయిన దగ్గర్నుంచి కంటి కింది వైపు నల్లటి గోళీ ఒకటి ఊగుతోంది. టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ*

గాలి బుడగ. మందుతో పాటు సిరంజిలోంచి వచ్చింది. బుడగ నిజానికి కంట్లో పైకి తేలుతుంది, కాని రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మీకు కింద కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తెల్లటి స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లకు ఇది తిరగబడుతుంది: మందు కంట్లో అడుగుకు దిగితే వాళ్లకు పైన మబ్బులా కనిపిస్తుంది. అయితే బుడగ కాక మెరుపులు, నల్లటి పొడి రాలుతున్నట్టు, పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉంటే ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

*ప్రశ్న: మా నాన్నకు యువియైటిస్. రెటీనాలో వాపు. ఇప్పుడు పొరల మధ్యకు వేసే కొత్త ఇంజెక్షన్ వచ్చిందని, అది లోపలికి వేసేదానికన్నా మంచిదని ఫోన్‌లో చదివాను. మన ఊళ్లో వేస్తారా? – ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు*

బాబూ, మంచి ప్రశ్న. ఇందాకటి ముంజె గుర్తుందా? తొక్కకూ గుజ్జుకూ మధ్య బొటనవేలు దూర్చి ఒలుస్తాం చూడు, సరిగ్గా అక్కడికే ఈ సూది. తెల్లగుడ్డుకూ దాని కింది రక్తనాళాల పొరకూ మధ్య. మామూలుగా అక్కడ ఖాళీ ఏమీ ఉండదు, రెండూ అంటుకునే ఉంటాయి. మందు పోస్తే రెండూ విడిపోతాయి, మందు గోడ వెంబడి జారుతూ వెనక్కి పాకుతుంది. సుప్రాకొరాయిడల్ అంటారు.

ఇందులో నేర్పంతా సూది పొడవులో ఉంది. సూది మొత్తం పొడవు 900 మైక్రాన్లు, లేకపోతే 1100. అంటే ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. నిటారుగా నొక్కి పట్టి, పిస్టన్ మెల్లగా తోస్తుంటే ముందు బిగుతుగా ఉండి, సందు దొరకగానే చేతికి హఠాత్తుగా తేలికవుతుంది. తేలిక కాకపోతే పొడవు సూదికి మారతాం. వేయించుకునేవాళ్లకు పదునైన నొప్పి కాదు, కంటి వెనక ఎవరో బరువు పెట్టినట్టుంటుంది.

అమెరికాలో 2021 అక్టోబరులో దీనికి అనుమతి ఇచ్చింది సరిగ్గా నాన్నగారికి ఉన్న జబ్బుకే, యువియైటిస్ వల్ల మాక్యులాలో, అంటే రెటీనా నడిమి చోటులో, వచ్చిన వాపుకు, ట్రయామ్‌సినలోన్ 4 మిల్లీగ్రాములు. అనుమతికి ఆధారమైన పరీక్షలో 160 మంది. పన్నెండు వారాల ఎడంతో రెండుసార్లు మందు వేశారు. ఆరో నెలకు చార్టులో మూడు వరసలు మెరుగైనవాళ్లు మందు గుంపులో 47 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో 16 శాతం. మందు వెనక పొరల దగ్గరే ఉండిపోయి జెల్లీలోకి, కటకం వైపు తక్కువ వెళ్తుంది. అందుకని కళ్ల ముందు మబ్బు ఉండదు, శుక్లం, ప్రెజర్ బాధ తగ్గుతుందని ఆశ. కాని ఆ పరీక్షలో పోల్చింది ఉత్తుత్తి ఇంజెక్షన్‌తోనే, జెల్లీలోకి వేసే మందుతో కాదు. "దానికన్నా మంచిది" అన్న మాట ఆ పరీక్షలోంచి రాదు.

ఇంకోటి విను. రెటీనా సిర మూసుకుపోయినవాళ్లకు, జెల్లీలోకి వేసే మామూలు మందుకు తోడుగా ఈ పొరల మధ్య స్టెరాయిడ్ కూడా వేసి చూశారు. అదనపు లాభం రాలేదు, 2018లో ఆపేశారు. అలాగే నీటిలో కరిగే ప్రొటీన్ మందుల్ని ఈ సందులో పోస్తే నిలవవు. ఆ రక్తనాళాల పొరలో పారే రక్తం అంతా ఇంతా కాదు. ఏలూరు కాలవలో చారెడు ఉప్పు వేస్తే ఏమవుతుంది? అదే చారెడు గులకరాళ్లు వేస్తే అడుగున కూర్చుంటాయి. ట్రయామ్‌సినలోన్ గులకరాళ్ల జాతి.

మన దగ్గర వేస్తారు. తయారైన సూది దొరకనప్పుడు మామూలు 30 గేజి సూదికి ప్లాస్టిక్ తొడుగు వేసి, కొన మాత్రం మిల్లీమీటరు బయట ఉంచి వేసినవాళ్లు ఉన్నారు. నేనూ వేశాను. నాన్నగారి డాక్టరుకు చెయ్యి తిరిగిన దారి ఏదో అడుగు. రోజూ జెల్లీలోకి వేసే చెయ్యికి నెలకో రెండు నెలలకో ఒకసారి పొరల మధ్య వేయమంటే, ఆ ఒక్కసారి మీ నాన్నగారి కన్ను కాకుండా చూసుకో. ఇంకో ప్రశ్న కూడా అడుగు: క్షయ, సిఫిలిస్ పరీక్షలు చేశారా అని. ఆ జబ్బుల వల్ల వచ్చిన యువియైటిస్‌కు అసలు మందు వేయకుండా ఏ పొరలో స్టెరాయిడ్ వేసినా ముప్పే.

*ప్రశ్న: నాకు వేసింది పేగు క్యాన్సర్ మందని మెడికల్ షాపు కుర్రాడు అన్నాడు. నాకు క్యాన్సర్ ఉందా? లేక మోసమా? – రిటైర్డ్ టీచరు, బ్రాడీపేట, గుంటూరు*

రెండూ కాదు మాస్టారూ. బెవాసిజుమాబ్ 2004లో పేగు క్యాన్సర్‌కే వచ్చింది, రక్తనాళాలు కొత్తగా పుట్టకుండా ఆపడానికి. మరుసటి ఏడు మయామిలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే డాక్టరు దాన్ని కంట్లోకి వేసి చూశారు. కంటికని ప్రత్యేకంగా చేసిన రానిబిజుమాబ్ 2006లో అనుమతి తెచ్చుకుంది, ధర ఎన్నో రెట్లు. వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో రెండింటినీ పోల్చిన పెద్ద పరీక్ష 2011లో వచ్చింది: ఏడాదికి చూపు దాదాపు సమానం. షుగరు వాపులో 2015 పరీక్ష ఇంకొంచెం చెప్పింది. చూపు బాగానే ఉన్నవాళ్లకు ఈ రెండూ, అఫ్లిబర్‌సెప్ట్ అనే మూడోదీ ఒకటే, 6/15 గాని అంతకన్నా తక్కువ గాని ఉన్నవాళ్లకు మొదటి ఏడాది అఫ్లిబర్‌సెప్ట్ ముందుంది. రానిబిజుమాబ్‌కు మన దేశంలోనే తయారైన రూపం 2015 నుంచి ఉంది.

చవక మందులో చిక్కు మందులో లేదు, పంపకంలో ఉంది. ఒక సీసాలో 100 మిల్లీగ్రాములు, కంటికి కావలసింది 1.25. ఒక సీసాను చాలామందికి పంచుతారు. పంచే చోట శుభ్రత తప్పితే అందరికీ ఒకేసారి చీము పట్టే ప్రమాదం. కాబట్టి "ఈ సిరంజి ఎక్కడ నింపారు, ఎప్పుడు నింపారు" అని అడగండి. మీరు బడిలో పిల్లల్ని అడిగినట్టే, మొహమాటం లేకుండా.

*ప్రశ్న: సింగ్‌నగర్‌లో ఉంటాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో ఇల్లు మునిగింది, మూడో ఇంజెక్షన్ తప్పిపోయింది. తరవాత మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు వెళ్తే తిడతారా? ఒక్కసారి వేస్తే ఎక్కువ రోజులు ఉండేది లేదా? – ఒక గృహిణి*

తిట్టరమ్మా, తిడితే నా దగ్గరికి రండి. ఆ నెలలో నా పేషెంట్లు కూడా చాలామంది రాలేకపోయారు. ఫైళ్లు నానిపోయి, పేజీలు అంటుకుపోయినవి ఆరబెట్టుకుని తెచ్చినవాళ్లున్నారు. మీ ఫైలు లేకపోయినా ఫర్వాలేదు, కొత్తగా ఓసీటీ స్కాన్, అంటే రెటీనా పొరల్ని చూపించే ఫొటో, తీసి అక్కడి నుంచి మొదలుపెడతారు.

ఎక్కువ రోజులు ఉండేవి ఉన్నాయి. డెక్సామెథసోన్ కడ్డీ, 0.7 మిల్లీగ్రాములు, అదీ జెల్లీలోకే, కాని సూది లావు, 22 గేజి. మూడు నాలుగు నెలలు పనిచేసి తనంతట కరిగిపోతుంది. స్టెరాయిడ్ కాబట్టి ప్రెజర్, శుక్లం చూసుకోవాలి. నీటికాసులు ఉన్నవాళ్లకు జాగ్రత్త. ఇంకోటి, మీకు విట్రియస్ జెల్లీ తీసేసే ఆపరేషన్ ఏమైనా జరిగిందా? జరిగితే ఆ మాట తప్పక చెప్పండి. జెల్లీ లేని కంట్లో మామూలు మందు త్వరగా కొట్టుకుపోతుంది, అలాంటి కళ్లకు ఈ కడ్డీ నయం.

*ప్రశ్న: మాది మేనరికం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, చీకటి పడితే గోడలు తడుముకుంటాడు. రెటీనా జబ్బు అన్నారు. రెటీనా కిందికి జన్యువు వేసే ఇంజెక్షన్ ఉందట. ఇల్లు అమ్మైనా వేయిస్తాం. – ఒక తండ్రి, కొత్తపేట, గుంటూరు*

ఇల్లు అమ్మకండి. ముందు రక్త పరీక్ష, అదీ జన్యు పరీక్ష, చేయించండి.

మీరు విన్నది నిజమే. 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన వోరెటిజీన్ అనే మందు. అది కుర్చీలో కూర్చోబెట్టి వేసే సూది కాదు, ఆపరేషన్. ముందు జెల్లీ తీసేసి, వెంట్రుకలాంటి గొట్టంతో రెటీనాను దాని వెనక పొర మీది నుంచి కాస్త లేపి, దాని కింద 0.3 మిల్లీలీటర్ల ద్రవం పోస్తారు. ఆ ద్రవంలో హాని చేయని వైరస్, దాని వీపు మీద మంచి జన్యువు. రెటీనా కిందే ఎందుకంటే బాగుచేయాల్సిన కణాలు అక్కడే వరుసగా ఉంటాయి. జెల్లీలో పోస్తే వాటి దాకా చాలినంత చేరదు.

కాని అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువుకే పనిచేస్తుంది, అదీ తల్లి నుంచి వచ్చింది, తండ్రి నుంచి వచ్చింది రెండు ప్రతులూ చెడిపోయి, బతికున్న కణాలు ఇంకా చాలినన్ని ఉన్నవాళ్లకు. రేచీకటి తెచ్చే జన్యువులు పదుల్లో ఉన్నాయి, మీ బాబుది ఏదో తెలియదు. అమెరికాలో పెట్టిన ధర రెండు కళ్లకూ 8,50,000 డాలర్లు. పరీక్ష ఫలితం వచ్చాక నాకు మళ్లీ రాయండి, విడిగా జవాబిస్తాను. ఈలోపు బడిలో ముందు బెంచీ, ఇంట్లో మెట్ల దగ్గర లైటు, విటమిన్ ఎ లోపం కాదని నిర్ధారణ. ఆ చివరిది అడిగించుకోండి, అది చాలా తేలిక పరీక్ష, తేలిక మందు. బాబుకు చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్ల కళ్లూ చూపించండి.

*ప్రశ్న: శుక్లం ఆపరేషన్‌కు ముందు కింది రెప్ప దగ్గర లావు ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణం పోయినంత పనైంది. రెటీనాకు వేసేదీ అదేనా? – ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ*

కాదు. అది మత్తు, కంటి చుట్టూ ఉన్న కొవ్వులోకి. సూది పొడవు, మందు నాలుగైదు మిల్లీలీటర్లు, లోపల బిగుతు. రెటీనాకు వేసే ఒక్క చుక్కతో దానికి పోలికే లేదు. చూస్తే కంటి బయటే ఆగే ఆ సూదికే మనిషి ఎక్కువ బాధపడతాడు.

*ప్రశ్న: బాపట్ల నుంచి విజయవాడ రావాలి. రెండు కళ్లకూ ఒకేరోజు వేయించుకోవచ్చా? పరగడుపున రావాలా? – ఒక పాఠకురాలు*

వేయించుకోవచ్చు, చాలామందికి వేస్తున్నాం. ఒక్క షరతు: రెండో కన్ను రెండో మనిషి లెక్క. కొత్త క్లిప్పు, కొత్త సూది, కొత్త గ్లవుజులు, వీలైతే వేరే బ్యాచి మందు. మొదటిసారైతే ఒక కంటికి వేయించుకుని ఎలా ఉందో చూసుకోవడం నా ఇష్టం. పరగడుపు అక్కర్లేదు, షుగరు బిళ్ల మానొద్దు, టిఫిన్ తినే రండి. కాటుక మాత్రం పెట్టుకోకండి. తిరుగు బండికి తోడు మనిషి ఉండాలి, ఆ సాయంత్రం రెండు కళ్లూ మసకగానే ఉంటాయి, ప్లాట్‌ఫాం మెట్లు సరిగా కనిపించవు.